వారణాసి సీను వరకే

2024 జనవరి 21, ఆదివారం

తెల్లవారుజామున అయిదున్నరకి న్యూజెర్సీ పిల్లలు, ఏడింటికి డల్లాస్ పిల్లలు, తొమ్మిది నుంచి మేడమీద గదిలో మా చైతన్యపురి పిల్లలు. మూడు చోట్లా అదే మాయామాళవగౌళ. గొంతు అరిగేది కచేరీల్లో కాదు, జంట స్వరాల్లో. అయినా ఇంటద్దె కట్టేవి అవే కాబట్టి వాటిని ఏమీ అనకూడదు.

మధ్యాహ్నం ఎల్బీనగర్ నుంచి ఒక నాటకాల కాంట్రాక్టరు ఫోను. శివరాత్రి జాగారానికి అక్కడి శివాలయం ముందు ‘సత్య హరిశ్చంద్ర’ పెడుతున్నాడు. ముగ్గురు హరిశ్చంద్రులు. అడవి సీనుకి మిర్యాలగూడ ఆయన, కాటి సీనుకి తెనాలి నుంచి ఒక పెద్దాయన. వారణాసి సీనుకి ఒప్పుకున్న మనిషి కొడుకు దగ్గరికి దుబాయి వెళ్లిపోయాడట. “మీరు సంగీతం వచ్చినోళ్లు గదా సార్, నాలుగు పద్యాలు మీకో లెక్కా? వారణాసి వరకే మీది. తర్వాత రంగు కడుక్కొని ఇంటికి పోవచ్చు” అన్నాడు. మేకప్పు, డ్రెస్సు వాళ్లవే. చేతికి అయిదు వేలు.

ఒక వేషాన్ని ముగ్గురు పంచుకోవడం బయటివాళ్లకి వింతగా ఉంటుంది. కాంట్రాక్టు నాటకాల్లో అది మామూలే. పోస్టరు మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఫోటోలతో సహా వేస్తారు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి మరొకరు. కథ ఎవరికి తెలియదు గనక? ఏ పద్యం ఏ గొంతులో వినాలన్నదే జనానికి కావాలి. ఆలోచిస్తే కచేరీకి వచ్చేవాళ్ల లెక్క కూడా ఇదే.

చిన్నప్పుడు హుజూర్‌నగర్‌లో తాతయ్య భుజమ్మీద కూర్చుని చూశాను ఈ నాటకం. ఒప్పుకున్నాను. ఇంట్లో మాత్రం “రేడియోలో బి-హై గ్రేడు పెట్టుకుని గడ్డం అంటించుకుంటారా?” అని ఒక ప్రశ్న వచ్చింది.

జనవరి 26, శుక్రవారం

పేపరు నిండా పద్మ అవార్డులు. జనగామ జిల్లా చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారికి, నారాయణపేట బుర్రవీణ దాసరి కొండప్ప గారికి, హరికథకి డి. ఉమామహేశ్వరి గారికి పద్మశ్రీలు. ముగ్గురూ పాడేవాళ్లే. ముగ్గురిలో ఎవరూ మా వాళ్లు కాదు. “మా వాళ్లు” అని రాయడానికి చెయ్యి కొంచెం తడబడింది గానీ మాటైతే అదే. కూర్చుని పాడేవాళ్లం మేం, వేషం కట్టో కథ చెబుతోనో పాడేవాళ్లు వాళ్లు.

ఈ గోడ మరీ పాతదేం కాదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు, కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పిన మనిషి. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్ ద్వారం వెంకటస్వామినాయుడు గారు. గజ్జె దిగిన చోటే కమాను ఎక్కింది, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇవాళ ఏ సంగీత కళాశాలకైనా హరికథ చెప్పే ఆయన్ని ప్రిన్సిపాలు చేస్తారా? చేస్తే స్టాఫ్ రూములో ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు.

జనవరి 30, మంగళవారం

పుష్య బహుళ పంచమి. కొత్తపేటలో ఒక హాల్లో త్యాగరాజ ఆరాధన. పొద్దున్నే పంచరత్నాల గోష్ఠి. నాట, గౌళ, ఆరభి దాకా గొంతులన్నీ ఉన్నాయి, వరాళి దగ్గర సగం తగ్గాయి, శ్రీరాగానికి మళ్లీ అందరూ వచ్చారు. ప్రతి ఏడూ ఇంతే.

టిఫిన్ దగ్గర ఒక పిల్ల అడిగింది, త్యాగరాజుగారు నాటకాలు రాశారా అని. రాశారమ్మా, ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకా చరిత్రం’, రెండూ పాటలూ పద్యాలూ వచనాలూ కలిసిన తెలుగు గేయ నాటకాలు అన్నాను. మరి మనం ఎందుకు ఆడం? ఇడ్లీ తినమన్నాను. పాటల్ని నాటకంలోంచి ఊడదీసుకుని కచేరీలో పాడుకుంటున్నాం, నాటకాన్ని కావేరి ఒడ్డునే వదిలేశాం. అక్కడే మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా ఆడతారు. వెంకటరామశాస్త్రి గారు రాసిన తెలుగు నాటకాలు, ఇంట్లో తమిళం మాట్లాడుకునే మగవాళ్లు ఆడవేషాలు కూడా తామే కట్టి, నోటికి నేర్చుకుని పాడతారు. తెలుగు ఒపేరా కావాలంటే తంజావూరు జిల్లాకి టికెట్టు తీసుకోవాలన్న మాట.

ఫిబ్రవరి 4, ఆదివారం

చింతలకుంటలో, నాటకానికి హార్మోనియం వాయించే మాస్టారి దగ్గర మొదటి పాఠం. ఎల్బీనగర్‌లో మెట్రో దిగి షేరు ఆటో. మాస్టారిది సూర్యాపేట వైపు, తెలుగు పంతులుగా రిటైరయ్యారు. పెట్టె మీది గుడ్డ తీస్తూనే శ్రుతి అడిగారు. ఒకటిన్నర అన్నాను.

“అది కూసోని పాడే శ్రుతయ్యా. నిలవడి పాడాలంటే మూడన్నా ఉండాలె. మైకుల్లేని రోజుల్ల ఇంకా పైకే కట్టేటోళ్లు.”

మూడుకి కట్టారు. ఉత్పలమాల ఎత్తుకోమన్నారు. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. కొత్తగా పాడేవాళ్లకి అక్కడ ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. మాట అక్కడ ఆగదు. సమాసం యతి దాటి, ఒక్కోసారి పాదం కూడా దాటి పోతుంది. మాట విరగకూడదు, గురువు గురువుగా లఘువు లఘువుగా వినపడాలి, రాగం మొదటి నాలుగక్షరాల్లోనే తెలిసిపోవాలి, చివరి రాగానికి ఊపిరి మిగలాలి. తాళం లేదు. కృతిలో ఎంత దూరం తిరిగొచ్చినా ఎడుపు దగ్గర తాళం పట్టుకుంటుంది. ఆలాపనలో తాళం లేకపోయినా మాటలు లేవు కాబట్టి ఇష్టమున్న చోట ఆగొచ్చు. పద్యంలో ఆ సాయమూ లేదు, ఈ వెసులుబాటూ లేదు.

కచేరీలో మేమూ శ్లోకాలు రాగమాలికలో పాడతాం కదా మాస్టారూ, అన్నాను.

“శ్లోకం దేవునికి పాడతవు. ఆయన ఎట్ల పాడినా ఇంటడు. పద్యం ఎదురుంగ ఉన్న మనిషికి చెప్పాలె. చంద్రమతి నీకు మూడడుగుల దూరంల ఉంటది. ఆమె మొకం జూడకుంట తొడ మీద చెయ్యేస్తే ఎట్ల?”

నా కుడిచెయ్యి నిజంగానే తొడ మీద ఆదితాళం వేస్తోంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పాడమన్నారు. సంగీతం నేర్చుకున్న ఇన్నేళ్లలో చేతులు కట్టేసుకుని పాడటం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఘంటసాల గారు పోయి ఇవాళ్టికి యాభై ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు పక్క టీ కొట్టులో పొద్దున్నుంచీ ఆయనే. టీ తాగుతూ రెండు పద్యాలు విన్నాను, మూడోదాని కోసం ఇంకో టీ.

విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న శాస్త్రీయ గాయకుడాయన. స్టేజీ పద్యం ఎలా ఉంటుందో వినే పెరిగాడు. సినిమాకి వచ్చాక ఆయన చేసిన పని పైకి చూస్తే చిన్నది. పద్యం చివర నాటకాల వాళ్లు తీసే పొడుగు రాగాన్ని కత్తిరించాడు. రాగాన్ని మాట లోపలికి పంపించాడు. మూడున్నర నిమిషాల గ్రామఫోను పక్క మీద, కెమెరా ముఖానికి దగ్గరగా ఉన్నప్పుడు, అంతకన్నా పట్టదు మరి. తిరుపతి వేంకట కవుల పద్యాలు పాండవోద్యోగ విజయాల నుంచి సినిమాల్లోకి దిగాక పల్లెల్లో కూడా జనం ఆ కొలతతోనే వినడం మొదలుపెట్టారు.

స్టేజీ మీద ఆ దారిన ముందే నడిచినవాడు పీసపాటి నరసింహమూర్తి గారు. ఆయన కృష్ణుడిలో రాగం కన్నా మాట ముందు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిది ఇంకో దారి, రాగం ధారాళం. మాస్టారిని అడిగితే “షణ్ముఖిని ఇన్నంక పీసపాటిని ఇనాలె, పీసపాటిని ఇన్నంక ఇంటికి పోవాలె” అన్నారు. నాకు మాత్రం ఇద్దరూ కావాలి. వారణాసి సీనుకి షణ్ముఖి, కాటి సీనుకి పీసపాటి అనుకుంటున్నాను. కాటి సీను నాది కాదు గనక ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 22, గురువారం

పరీక్షలు దగ్గర పడ్డాయి, ఇంటరు పిల్లలంతా మానేశారు. ఈ పేటలో సంగీతం మాస్టారి క్యాలెండరు కోచింగ్ సెంటర్లు రాస్తాయి. ఖాళీ సాయంత్రం, పాత రికార్డులు పెట్టుకున్నాను.

మరాఠీ నాట్యసంగీతం. ఎప్పుడు విన్నా అసూయ. బాలగంధర్వ నాటకాల పాటలు స్టేజీ దిగి నేరుగా కచేరీలోకి ఎక్కాయి. హిందుస్తానీ గాయకుడు గంటన్నర ఖయాల్ పాడి చివర ఒక నాట్యగీతం అందుకుంటే హాలంతా లేచి కూర్చుంటుంది. 1967లో ‘కట్యార్ కాళజాత ఘుసలీ’ నాటకంలో వసంతరావు దేశ్‌పాండే కచేరీ గాయకుడిగా ఉంటూనే ఖాఁసాహెబ్ వేషం కట్టాడు. అదే ఏడాది మన బాలమురళీకృష్ణ గారు కూడా నారదుడు కట్టారు, స్టేజీ మీద కాదు, ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో.

మన పద్యం కచేరీలోకి ఎందుకు ఎక్కలేదు? పుట్టుక దాదాపు ఒకచోటే. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్తే, వాళ్లు వదిలిన పాకలోనే వీరేశలింగం గారు తన నాటకాలు ఆడించారని చెబుతారు. తర్వాత బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు పాటలూ పద్యాలూ దట్టించారు. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. మరాఠీ వాళ్లు తాళానికి కట్టిన పాట తీసుకున్నారు. తబలా ఉన్న చోటల్లా అది ఇమిడిపోయింది. మనం వృత్తం తీసుకున్నాం. మృదంగం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తాళం లేని పద్యం పాడితే ఆయన ఏం చేయాలి?

రెండోది హార్మోనియం. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియోలో ఆ పెట్టెని నిషేధించారు, 1971 దాకా సడలలేదు. గమకం పలకదన్నది ఆరోపణ. అబద్ధమేం కాదు. కానీ ఆ ముప్ఫై ఏళ్లలోనే గాయకుడి హోదా రేడియో గ్రేడుతో లెక్కకట్టడం మొదలైంది. పద్యానికి తోడుగా పెరిగిన వాద్యం గుమ్మం బయట ఉంటే పద్యం ఒక్కటీ లోపలికి వచ్చి ఏ మర్యాద సంపాదిస్తుంది? కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాల ప్లేట్ల కోసం ఒకప్పుడు జనం ఎగబడేవారు. ఇప్పుడు మా సంగీతం పరీక్షల సిలబస్‌లో ఆయన పేరు ఏ మూలా లేదు.

మూడో కారణం మనమే. రాత్రంతా ఆడేది, చదివింపులు తీసుకునేది, కాంట్రాక్టరు పిలిస్తే పోయేది మన స్థాయి కాదనుకున్నాం. సభ కార్యదర్శి పిలిస్తే పోవడం మాత్రం స్థాయి.

మార్చి 9, శనివారం

మధ్యాహ్నం దాకా నిద్రపోయి లేచి రాస్తున్నాను.

నిన్న రాత్రి ఎనిమిదింటికే రంగు వేశారు. కిరీటం తలకి బిగుతు, గడ్డం దురద. వారణాసిలో హరిశ్చంద్రుడికి కిరీటం ఎందుకని అడిగితే, రాజని తెలియొద్దా అన్నాడు డ్రెస్సు కంపెనీ కుర్రాడు. సాగర్ రోడ్డు మీది లారీల హోరు ఒకవైపు, పక్క కాలనీలో శివుడి పాటల డీజే మరోవైపు. ముందు వరసల్లో ఉపవాసం ఆడవాళ్లు, వెనక ఆటోల వాళ్లు, వాచ్‌మన్లు, రిటైరైన పంతుళ్లు. నేను పాడిన ఏ సభలోనూ ఇంత కలగలుపు జనాన్ని చూడలేదు.

తెర లేవగానే అందరం నిలబడి ప్రార్థన. నా సీను పదకొండున్నరకి వచ్చింది. మాస్టారు పెట్టె మీద మోహన చూపించారు. మొదటి పాదం అందుకున్నానో లేదో, ముందు కూర్చున్న ఒక ముసలాయన పెదాలు నాకన్నా అర అక్షరం ముందు నడుస్తున్నాయి! కచేరీలో కృతి తెలిసినవాళ్లు తల ఊపుతారు. ఇక్కడ నాతో పాటే పాడుతున్నారు. కాశీని చూసిన పద్యం చివర రాగం తీస్తే “వన్స్ మోర్”. నేను మాస్టారి వైపు చూశాను, ఆయన అప్పటికే మళ్లీ శ్రుతి పట్టారు. రెండోసారి కాంభోజిలో పాడాను. అదే పద్యం, అదే చంద్రమతి, రాగం వేరు. ఎవరో వచ్చి చొక్కాకి, అంటే అంగరఖాకి, వంద నోటు గుచ్చి వెళ్లారు. పేరు మైకులో చదివారు.

నా పని అయిపోయాక ఇంటికి వెళ్లకుండా రంగుతోనే పక్కన కూర్చున్నాను. రెండున్నరకి కాటి సీను. తెనాలి పెద్దాయనకి డెబ్భై దాటాయి. కాటి సీనుకి పేరు తెచ్చిన పద్యాల్లో కొన్ని నాటకం రాసిన బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. శ్మశానం మీద ఆయన రాసిన ఖండిక నటుల నోళ్లలో పడి నాటకంలోకి వచ్చి చేరింది, ఇప్పుడు అది లేకుండా ఆడితే జనం ఊరుకోరు. అంటరానితనం చూసిన కవి మాటలు, కాటికాపరిగా మారిన రాజు నోట. ఆ కూర్పు ఏ పండితుడూ చేసింది కాదు, పాడేవాళ్లే చేశారు.

పెద్దాయన రాగం తీయలేదు. తీసే ఊపిరి లేక కాదు, మొదటి పద్యంలో తీసి చూపించాడు. తర్వాత ఒక్కో మాటా కింద పెడుతూ పోయాడు. డీజే ఎప్పుడు ఆగిందో తెలియదు. మేకప్పు గదిలో అడిగాను, మీరు సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారని. “డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రని వెనకాల నిలబడి విన్నానయ్యా, వేరే గురువు లేడు” అన్నాడు, గడ్డం గమ్ము గోకుతూ.

మార్చి 27, బుధవారం

ప్రపంచ రంగస్థల దినోత్సవం. వాట్సాప్‌లో గులాబీ పువ్వులు.

లెక్కలు చూసుకున్నాను. ఈ నెల ట్యూషన్లు సగం. ఒక కచేరీ డబ్బు పక్కవాద్యాలకి పంచగా మిగిలింది, నాటకం అయిదు వేలు, చదివింపులు. కూచిపూడి పాటకి ఒక్క పిలుపూ లేదు. ఇదివరకు నెలకి రెండైనా ఉండేవి. వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలకి పట్రాయని సంగీతరావు గారు సంగీతం కట్టిన రోజుల్లో పాడేవాళ్లు వేదిక పక్కనే కూర్చునేవారు. నాట్యం చేసే మనిషి అడుగుని చూసి పాట సాగదీసేవారు, తగ్గించేవారు. ఇప్పుడు శనాదివారాలు ఉప్పల్ మినీ శిల్పారామంలో చూడండి, చాలామటుకు రికార్డు చేసిన పాటే. స్టూడియోలో ఒక్కసారి పాడి డబ్బు తీసుకుంటే ఆ ట్రాకు పదేళ్లు ఆడుతుంది. అందులో నా గొంతుకి నేనే పోటీ.

జర్మనీలో ఓ మాదిరి ఊళ్లకి కూడా సొంత ఒపేరా ఉంటుందట, గాయకులకి నెల జీతాలిచ్చేది ప్రభుత్వం. సురభి వాళ్లు 1885 నుంచీ కుటుంబాన్నే కంపెనీగా చేసుకుని నెట్టుకొచ్చారు. మా మెట్రో లైనుకి ఆ చివర మియాపూర్‌లో దిగి ఇంకాస్త పోతే శేరిలింగంపల్లిలో వాళ్ల కాలనీ. ఈ చివర మేమున్నాం, కంపెనీ లేదు, జీతం లేదు, ఒక్కొక్కరం ఒక్కో ట్యూషన్ సెంటరు. ఎల్బీనగర్ లైను వచ్చింది 2018లో. రవీంద్రభారతికి అరగంటలో పోతున్నాం, కానీ ఆఖరి రైలు కోసం నాటకాన్ని రెండు గంటలకి కుదించేస్తున్నారు. రెండు గంటల్లో “వన్స్ మోర్”కి చోటెక్కడిది?

ఇటు పిల్లల తండ్రులు ‘పాడుతా తీయగా’కి ఎప్పుడు పంపుదామని అడుగుతారు. 1996 నుంచీ ఆ ఒక్క కార్యక్రమం ఎంతమందిని నా లాంటి వాళ్ల గుమ్మం ఎక్కించిందో చెప్పలేను. అందుకని నేను ఫిర్యాదు చేయను. అయితే మొన్నటి నుంచి పెద్ద పిల్లలకి వారానికో పద్యం నేర్పుతున్నాను, చేతులు వెనక్కి కట్టించి. డల్లాస్ పిల్ల ఒకతి సీసపద్యం రెండు పాదాలు ఒకే ఊపిరితో లాగింది.

ఏప్రిల్ 17, బుధవారం

శ్రీరామనవమి. కొత్తపేట గుళ్లో సాయంత్రం కచేరీ. రామదాసు, త్యాగరాజు అయ్యాక, మంగళానికి ముందు ‘శ్రీరామాంజనేయ యుద్ధం’ నాటకంలోంచి రెండు పద్యాలు పెడతానని పక్కవాద్యాలకి ముందే చెప్పాను. మృదంగం తమ్ముడు “మరి నేనేం చేయాలన్నా?” అన్నాడు. విను, అన్నాను. వయొలిన్ ఆయన ఏమీ అనలేదు గానీ పాదం చివర నేను వదిలిన స్వరాన్ని పట్టుకుని కొంచెం దూరం తీసుకెళ్లి మళ్లీ నాకు అప్పగించాడు. హార్మోనియం చేసే పని అదే, పైగా గమకంతో. మాస్టారు వింటే ఏమంటారో.

శ్రుతి నా ఒకటిన్నరే. పద్యానికి అది తక్కువ. మాట బాగానే తెలిసింది, రాగం పైకి లేచే చోట చప్పగా ఉంది. మూడో వరసలో ఒకాయన “వన్స్ మోర్” అని, గుడి అని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం మళ్లీ పాడాను.

ప్రసాదం దగ్గర గుడి కార్యదర్శి వచ్చి, వచ్చే ఏడు అరగంట పద్యాలే పెడదాం, జనం పానకం లైను వదిలేసి వచ్చారు అన్నాడు. హార్మోనియం కావాలన్నాను. పక్కవాద్యాల బడ్జెట్ పెంచలేమన్నాడు. నా దాంట్లో తగ్గించమన్నాను, అదేం బాగుంటుంది అంటూనే వెంటనే ఒప్పుకున్నాడు. అక్కణ్నుంచే మాస్టారికి ఫోను చేస్తే “వస్త గని, శ్రుతి మూడే. తగ్గించుడు లేదు” అన్నారు. వయొలిన్ ఆయన పక్కనే నిలబడి విన్నాడు. మూడుకైతే తీగెలు మార్చుకోవాలి, వాటి డబ్బులు ఎవరిస్తారని అడుగుతున్నాడు.